కడుపునొప్పితో మలబద్ధకము: మందులకు ముందు చేయదగిన పనులు

వారమున ఒక రోజైనను కడుపునొప్పి, గట్టి విరేచనము, ఉబ్బరము నెలల తరబడి బాధించుచున్నవా? వైద్యులు దీనిని ‘ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్’ అందురు. ఇందులో పేగున పుండుగాని, గడ్డగాని ఉండదు. పేగుల కదలిక, పేగుకు మెదడుకు గల నరముల సంబంధము గతి తప్పును. ఇది ప్రాణాంతకము కాదు. కాని పనికి ఆటంకము కలిగించును. దినచర్యను సవరించుకొన్న చాలమందికి ఉపశమనము కలుగును.

1. పీచు: పీచులన్నియు ఒకటి కావు. గోధుమ తవుడు కొందరికి ఉబ్బరమును, నొప్పిని పెంచును. నీటిలో జిగురుగా ఉబ్బు పీచు మేలు. గుజరాత్, రాజస్థాన్ రైతులు రబీలో పండించు ఇసబ్గోలు పొట్టు అట్టిదే. మొదట రోజుకొక చెంచా పొట్టును నిండు గ్లాసు నీటిలో కలిపి వెంటనే త్రాగవలెను. వారము తరువాత రెండు చెంచాలకు పెంచవచ్చును. నీరు చాలనిచో గొంతున అడ్డుపడును. మ్రింగుట కష్టమైనవారు వాడరాదు. ఇతర మందులు వాడువారు రెండు గంటల ఎడమీయవలెను. అవిసె గింజలు రోజుకొక పెద్ద చెంచా, తగినంత నీటితో తినవచ్చును.

2. వేళ: ఆహారము కడుపున పడగానే పెద్దపేగు కదలును. ఉదయము తిన్న అరగంటలోపు, తొందరలేక మరుగుదొడ్డికి వెళ్లుడు. పొలములో పని ఉన్నదని ఆపుకొనరాదు. గొంతుకూర్చుండుట మంచిది, కుర్చీ దొడ్డియైనచో పాదముల క్రింద చిన్నపీట వేసికొనుడు.

3. ఆహారము: ఉల్లి, వెల్లుల్లి, పప్పులు, గోధుమ, పాలు కొందరి పేగులలో పులిసి వాయువు పుట్టించును. నాలుగు వారములు తగ్గించి చూడుడు. గుణము కనిపించినచో ఒక్కొక్కటిగా మరల చేర్చి, పడనిదానిని మాత్రమే తగ్గించుకొనుడు. గుణము లేనిచో మునుపటివలెనే తినుడు. ఊరక పథ్యముచేసిన బలము తగ్గును.

4. నడక, నిద్ర: రోజూ అరగంట నడక, వేళకు నిద్ర అవసరము. దిగులు నొప్పిని పెంచును; నిదానముగా పొట్టనిండ ఊపిరి పీల్చు అభ్యాసము మేలు.

నాలుగు వారములైనను గుణము లేనిచో వైద్యుని సంప్రదించుడు. విరేచనములో రక్తము, బరువు తగ్గుట, రక్తహీనత, నిద్రలేపు నొప్పి, ఏబదేండ్లు దాటిన పిదప కొత్తగా బాధ ఆరంభమగుట, ఇంటిలో ఎవరికైనను పేగు క్యాన్సరు ఉండుట - వీనిలో ఏ ఒక్కటి ఉన్నను ఇంటి ఉపాయములతో కాలయాపన చేయరాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లవలెను.