ఇంటికొచ్చి కసరత్తు చేయించేది ఎవరు?

అత్తగారికి పక్షవాతం వచ్చింది. లేదా అమ్మకి మోకీలు మార్పిడి జరిగింది. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరుగారు, "ఇంటి దగ్గర ఫిజియోథెరపీ చేయించండమ్మా" అంటారు. తంటా అంతా అక్కణ్ణుంచే మొదలు. ఎవరో ఒక ఫోన్ నంబరు ఇస్తారు. ఒకబ్బాయి రోజూ వచ్చి నూనె రాసి మర్దన చేసి వెళ్తుంటాడు. నెల తిరిగేసరికి డబ్బు అయిపోతుంది, మంచం మీది మనిషి మంచం మీదే ఉంటారు. పక్షవాతం వచ్చినవారికి మొదటి మూడు నెలలు ఎంతో విలువైనవి. అవి పోతే మళ్లీ రావు.

ఎవరి పని ఏది?

ఫిజియోథెరపిస్టు అంటే బి.పి.టి. డిగ్రీ చదివినవారు. 2021లో వచ్చిన కేంద్ర చట్టం ఈ వృత్తిని గుర్తింపు ఉన్న ఆరోగ్య వృత్తుల్లో చేర్చింది. ఏ కీలు ఎంత వంగుతోందో, ఏ కండరంలో ఎంత బలముందో చూసి, ఏ కసరత్తు ఎన్నిసార్లు చేయాలో నిర్ణయించేది వీరే. సహాయకులు ఆ ప్రకారం దగ్గరుండి చేయిస్తారు. లేపి కూర్చోబెట్టడం, వాకర్‌తో నాలుగడుగులు వేయించడం, ఇవాళ ఎలా ఉందో ఫిజియోథెరపిస్టుకి చెప్పడం వారి పని. సొంతంగా కొత్త కసరత్తు మొదలుపెట్టడం, మాత్రలు చెప్పడం వారి పని కాదు. కొలతలు లేకుండా జాకెట్టు కుట్టిస్తామా? ఇదీ అంతే!

ఎక్కడ వెతకాలి?

ముందు చికిత్స చేసిన ఆస్పత్రిలోనే అడగండి. జిల్లా ఆస్పత్రుల్లోనూ, ప్రభుత్వ బోధనాస్పత్రుల్లోనూ విచారించవచ్చు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకైతే భవిత కేంద్రాల్లో ఫిజియోథెరపీ చేయిస్తారు.

మొహమాటపడకుండా అడగండి

* ఏం చదివారు? ఎక్కడ పనిచేశారు? చూసి నేర్చుకున్నవారూ ఈ పనిలో ఉన్నారు.
* ఏ ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు చేయిస్తున్నారు? ఆ కాగితం ఉందా?
* ఫిజియోథెరపిస్టు మళ్లీ ఎప్పుడొచ్చి చూస్తారు?
* ఒక్కో రోజుకి ఎంత? రాని రోజుకి కూడా ఇవ్వాలా?

రోగి ఆడవారైతే మహిళా సహాయకురాలిని అడగడంలో తప్పేమీ లేదు. ఎవరు వచ్చినా ఇంట్లోవాళ్లు ఒకరు గదిలో ఉండండి.

ఇవి గుర్తుంచుకోండి

పక్షవాతంతో పడిపోయిన చేతిని పట్టుకుని లాగి లేపకూడదు. భుజం కీలు దెబ్బతింటుంది. ఎవరైనా అలా లాగుతుంటే వెంటనే ఆపించండి. ఆపరేషన్ తర్వాత పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం, ఛాతీలో నొప్పి వచ్చినా కసరత్తు మానేసి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. రక్తం గడ్డకట్టి ఉండొచ్చు.

మీ నడుము జాగ్రత్త!

వచ్చినవారు ఉండేది అరగంటో, గంటో. మిగతా సమయమంతా లేపేది, తిప్పేది, బాత్రూమ్‌కి తీసుకెళ్లేది ఇంట్లోని ఆడవాళ్లే. అందుకే మొదటి వారంలోనే, "మా నడుముకి దెబ్బ తగలకుండా ఎలా లేపాలో చూపించండి" అని అడిగి నేర్చుకోండి. మోకాళ్లు వంచి, మనిషికి దగ్గరగా నిలబడి లేపితే నడుము మీద పడే బరువు తగ్గుతుంది. ఇంట్లో మగపిల్లలకీ, మావగారికీ కూడా అది నేర్పించండి. మంచం పట్టినవారు లేచి నడిచేసరికి, నడిపించినవారు మంచం ఎక్కకూడదు కదా!