హరికేన్ రాకముందే మూతపడే కాసినోలు

బంగాళాఖాతంలో మనం తుపాను అని పిలిచే దానినే అట్లాంటిక్ తీరాలలో హరికేన్ అంటారు. అమెరికాలోని మిసిసిపి రాష్ట్రపు సముద్రతీర పట్టణమైన బిలోక్సిలో కాసినోలనే జూదశాలలు రాత్రింబవళ్లు తెరిచి ఉంటాయి. అటువంటి చోటును మూయడమంటే తలుపుకు తాళం వేయడం మాత్రమే కాదు.

మొదట హోటల్ గదులలోని అతిథులను పంపివేయాలి. ఆట బల్లలపైన, యంత్రాలలోను ఉన్న సొమ్మును లెక్కించి ఖజానాలో భద్రపరచాలి. ఆపై ఉద్యోగులకు తమ ఇళ్లు కట్టుదిట్టం చేసుకొని, కుటుంబాలతో తరలిపోయే వ్యవధి మిగలాలి. కనుక మూసివేత నిర్ణయం గాలులు వీచిన తరువాత కాక, రహదారులు తెరిచి ఉండగానే వెలువడాలి. అలా మూయించే అధికారం రాష్ట్ర గేమింగ్ కమిషన్‌కు ఉంది.

2005 ఆగస్టు 29న కత్రినా తాకినప్పుడు ఈ ముందుచూపు విలువ తెలిసింది. నాటి చట్టం ప్రకారం ఆ తీరంలో కాసినోలు నీటిపై తేలే బార్జీలలోనే ఉండాలి. ఉప్పెన కొన్ని బార్జీలను ఎత్తి ఒడ్డుపైకి విసిరింది. అప్పటికే మూసివేసినందున జూదరులెవరూ వాటిలో లేరు. అదే సంవత్సరం అక్టోబరులో చట్టాన్ని సవరించి, తీరం నుండి 800 అడుగుల లోపు నేలపై నిర్మాణాలను అనుమతించారు.

కట్టడం నేలపైకి చేరినా ముందుగా మూయవలసిన అవసరం తీరలేదు. రాబడి పోతుందన్న సంకోచంతో ఒక పూట జాగు చేస్తే, ఆ పూట ఉద్యోగి ఇల్లు చేరే గడువులోనుండే తరుగుతుంది.