పొలంలో యూరియా, పాదానికి యూరియా

బాన్సువాడ చుట్టుపక్కల యాసంగి నాట్లు మంచి చలిలో పడతాయి. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ నుంచి కాలువ నీళ్లు రాగానే ఆడవాళ్లు పొద్దంతా బురదలో వంగి నాట్లేస్తారు. గంటల తరబడి నానిన పాదం గట్టెక్కాక పొడిగాలికి బిరుసెక్కుతుంది. కొన్నాళ్లకు మడమల అంచున గీతలు పడతాయి, గీతలు పగుళ్లవుతాయి, అడుగు వేస్తే సలుపుతుంది. ఆ పగుళ్లకు డాక్టర్లు రాసే క్రీముల్లో తరచుగా కనిపించే పేరు యూరియా. అవును, నాటిన మడిలో చల్లే యూరియా అణువే.

1828లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ వోలర్ ప్రయోగశాలలో తయారుచేసిన ఈ పదార్థం మన చర్మానికి కొత్తది కాదు. చర్మం పైపొరలోని మృతకణాల్లో నీటిని పట్టి ఉంచే సహజ మిశ్రమం ఒకటి ఉంటుంది. అందులో అమైనో ఆమ్లాలే ఎక్కువ, యూరియా సుమారు 7%. ఎగ్జిమా ఉన్నవారి చర్మంలో ఈ యూరియా తక్కువగా కనిపిస్తుంది.

మడమకు ఇంకో చిక్కుంది. అరికాలిలో నూనె గ్రంథులే లేవు. పైగా ఒంట్లో అక్కడి చర్మపు పైపొరే బాగా మందం. తేమ ఆరిన ఆ మందపు పొర ఒంటి బరువు పడ్డప్పుడు సాగలేక చీలిపోతుంది.

యూరియా అణువు నీటి అణువులతో గట్టిగా బంధం కడుతుంది. అందుకే 10% వరకు ఉన్న క్రీము తేమను నిలుపుతుంది. 20% దాటితే దాని పని మారుతుంది: పైపొరలోని కెరాటిన్ ప్రోటీన్‌ను బిగించి ఉంచే బంధాలను సడలించి, పేరుకున్న చర్మాన్ని మెత్తబరుస్తుంది. 40% క్రీములను పుచ్చిన గోళ్లను మెత్తబరచడానికి కూడా వాడతారు. గ్లిజరిన్ కూడా నీటిని పట్టేదే, చవక కూడా. కానీ ఇలా మందాన్ని కరిగించే శక్తి దానికి లేదు. కాబట్టి ఆనెల్లా గట్టిపడ్డ మడమకు యూరియాయే మేలు.

పాదాలు గోరువెచ్చని నీటిలో కాసేపు నానబెట్టి, అద్ది తుడిచి, తడి పూర్తిగా ఆరకముందే క్రీము రాయాలి. పైన పలుచగా వ్యాజ్‌లైన్ పూసి సాక్సు వేసుకుంటే తేమ బయటికి పోదు.

సరిగ్గా వాడితే యూరియా భద్రమైనదే, దశాబ్దాలుగా వాడుకలో ఉన్నదే. అయితే నెత్తురు కారే పగుళ్ల మీద రాస్తే మంట పుడుతుంది. యూరియా ఎక్కువ శాతం ఉన్న క్రీము ముఖానికి, పసిపిల్లలకు వద్దు. యూరియా ఇతర మందులను చర్మంలోకి లోతుగా చొచ్చుకుపోయేలా చేస్తుంది, అందుకే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్‌తో కలిపి సొంతంగా వాడకూడదు. షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవారికి పగులు లోతు తెలియదు. వాళ్లు ముందు డాక్టరుకు చూపించుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం: అణువు ఒకటే కదా అని బస్తాలోని యూరియాను నీళ్లలో కలిపి కాళ్లకు పూయకండి. దానికి వేపనూనె పూత ఉంటుంది, బయ్యూరెట్ అనే మలినం 1.5% వరకు ఉండొచ్చు, ఎంత శాతం కలిసిందో కొలత ఉండదు. మందుల షాపులో ట్యూబు మీద శాతం చూసి కొనండి. తేమకు 10%, గట్టిపడ్డ మడమకు 20 నుంచి 25% అడగండి.