పరమాణువుల కేంద్రానికి పెద్దదిక్కు

క్వాంటం కంప్యూటరన్న మాట ఈమధ్య పత్రికల్లో తరచు కనబడుతోంది కదా. పరమాణువులు, ఎలక్ట్రాన్ల నడవడిని ఆధారం చేసుకొని లెక్కలు కట్టే యంత్రమది. దానికోసం ఆస్ట్రేలియాలో, సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం ముఖ్యస్థానంగా 2000లో ఒక పరిశోధన కేంద్రం వెలిసింది. దాన్ని నడిపినవాళ్లు ఎక్కణ్ణుంచి వచ్చారో వినండి.

మొదటి డైరెక్టరు రాబర్ట్ క్లార్క్ గారు ఒకప్పుడు నౌకాదళంలో పనిచేశారు. తర్వాత భౌతికశాస్త్రంలోకి వచ్చి, ఆక్స్‌ఫర్డులో పాఠాలు చెప్పి, స్వదేశం చేరారు.

2010లో ఆ కుర్చీ మిషెల్ సిమన్స్ గారికి దక్కింది. లండన్‌లో పుట్టిన ఆవిడ డర్హమ్ విశ్వవిద్యాలయంలో భౌతికం, రసాయనం రెండూ చదివారు. రెండు పడవల మీద కాళ్లంటామే, ఇక్కడ అదే అక్కరకొచ్చింది! సిలికాన్ పలక మీద ఒక్క భాస్వరం పరమాణువును కావలసినచోట కూర్చోబెట్టాలంటే, అదెలా అతుక్కుంటుందో తెలియాలి, అది రసాయనం. అందులోంచి కరెంటు ఎలా నడుస్తుందో తెలియాలి, అది భౌతికం. 2012లో ఆవిడ బృందం ఒక్క పరమాణువుతో ట్రాన్సిస్టరు చేసి చూపించింది. ఆవిడకు ముగ్గురు పిల్లలు. (క్లార్క్ గారి పిల్లల సంగతి నేనెత్తలేదు, చూశారా!)

అమ్మాయిలను ఆకర్షించాలని హైస్కూలు ఫిజిక్సులో లెక్కలు తగ్గించి వ్యాసాలు పెంచడం తప్పని 2017లో ఆవిడ బాహాటంగా అన్నారు. నాకది సబబే అనిపించింది. ‘లెక్కలు కష్టంలే తల్లీ’ అని మన ఇళ్లల్లోనూ గ్రూపు మార్పించేవాళ్లున్నారు. ఆవిడ మాట కొందరికి మింగుడుపడలేదు. అయినా మరుసటి ఏడే ‘ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్’ గౌరవం ఆవిడకే వచ్చింది.