స్పెయిన్ దేశపు ఆధునిక కళయందు మన్నును ఆదిమత్వమును

కళకు మన్నుతోడి సంబంధము రెండు విధములు. మన్నును చూచి దాని రూపమును చిత్రించుట యొకటి. మన్నునే చేతబట్టి దానిచేత మాటాడించుట రెండవది. పొలములను, కొండలను, పల్లెలను చిత్రించిన చిత్రకారులు సర్వదేశములయందును గలరు. కాని మన్ను కేవలము చిత్రింపబడు వస్తువుగాక, చిత్రమునకు ఉపాదానమై, అంతకుమించి చిత్రకారునకు గురువైన సందర్భములు అరుదు. ఇరువదవ శతాబ్దమున స్పెయిన్ దేశమున నట్టి సందర్భము కలిగెను. ఆ దేశపు ఆధునిక కళాప్రదర్శనమును దర్శించువారిలో పెక్కురు ఆయా కృతులయెదుట నిలిచి, ఇందు చూడదగినదేమి యని తికమకపడుదురు. గీతలు పడిన బూడిదవన్నె గోడవంటి పలక యొకచోట. కాల్చిన మంటిదిమ్మ యొకచోట. బాలురు గీసినట్లున్న పక్షియు నక్షత్రమును వేఱొకచోట. వీనిని కళ యని యేల యనవలెను? ఈ ప్రశ్న తోసివేయదగినది కాదు. దీనికి సమాధానమును ఆ దేశపు గుహలయందును, పొలములయందును, యుద్ధమునందును వెదకవలసియున్నది.

మాడ్రిడ్ నగరమున అతోచా రైలుస్టేషనునకు చేరువను రెయినా సోఫియా యను జాతీయ కళాప్రదర్శనశాల కలదు. పదునెనిమిదవ శతాబ్దమున వైద్యశాలగా కట్టబడిన భవనమే యిప్పుడు ఆధునిక కళకు నెలవైనది. దాని యెదుటి యావరణమున సన్నని పొడవైన స్తంభమొకటి దర్శకునకు మొదట కనబడును. ఒకవైపునుండి చూడగా నది నాగజెముడువలె నుండును. వేఱొకవైపునుండి చూడగా నాగటిచాళ్లు పడిన నేలయే నిలువున లేచి నిలిచినట్లు తోచును. ఇది ఆల్బెర్తో సాంచెస్ అను శిల్పి 1937-వ సంవత్సరమున పారిస్ నగరపు అంతర్జాతీయ ప్రదర్శనము కొఱకు నిర్మించిన శిల్పమునకు ప్రతికృతి. మూలశిల్పము 12 మీటర్లకు మించిన యెత్తు గలది; ప్రదర్శనానంతరము నశించెను. స్పెయిన్ ప్రజలకు నక్షత్రమునొద్దకు గొనిపోవు త్రోవ యొకటి కలదను నర్థమునిచ్చు వాక్యమే దానికి పేరు. నాటకమునకు నాందివలె, లోపలి కృతులకెల్ల నీ స్తంభము ప్రస్తావన. పాదము నేలయందు, దృష్టి నక్షత్రమునందు: ఈ రెంటి నడుమనున్న త్రోవయే యీ కళయొక్క చరిత్ర.

మొదట ఆదిమత్వమను పదమును విచారింపవలెను. పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపాపండితులు ఈ పదమును నిందార్థమున వాడిరి. పూర్వకాలమువారును, దూరదేశములవారును శిల్పనైపుణ్యము లేని యపరిణతులని వారి యూహ. ఆ యూహ యెంత బలవత్తరమైనదో తెలియుటకు ఆల్తమీరా గుహ వృత్తాంతము చాలును. స్పెయిన్ ఉత్తరభాగమున సాంతిల్యానా దెల్ మార్ అను నూరి సమీపమున నీ గుహ కలదు. 1879-వ సంవత్సరమున మార్సెలీనో సాన్స్ దె సౌతువోలా యను నాతడు గుహలోని నేలను త్రవ్వుచు ప్రాచీనవస్తువులను వెదకుచుండగా, వెంటవచ్చిన యాతని చిన్నకూతురు మరియా తలయెత్తి పైకప్పును చూచి, అచ్చట పశువులున్నవని తండ్రికి చూపెను. అవి అడవిదున్నల చిత్రములు. తెలుగువారు అరుగులకు పూయు జాజువంటి యెఱ్ఱమంటితోను, బొగ్గుతోను అవి లిఖింపబడినవి. రాతియందలి యుబ్బులనే దున్నల మూపులుగను, తొడలుగను చిత్రకారుడు వాడుకొనెను.

సౌతువోలా 1880-వ సంవత్సరమున తన గ్రంథమును ప్రకటించి, యీ చిత్రములు అతిప్రాచీనములని వాదించెను. ఫ్రాన్సుదేశపు పండితులు నమ్మరైరి. ఇంతటి నేర్పు ఆదిమానవున కెక్కడిదనిరి. అవి యీ కాలపు చిత్రకారుడు గీసినవను ననుమానము గూడ పుట్టెను. సౌతువోలా యా యపవాదు తొలగకయే 1888-వ సంవత్సరమున మరణించెను. ఫ్రాన్సుదేశమున అట్టి గుహాచిత్రములు మఱికొన్ని కనబడిన పిమ్మట, ప్రతిపక్షులలో ముఖ్యుడగు ఎమీల్ కార్తాయాక్ 1902-వ సంవత్సరమున తన తప్పును ఒప్పుకొనుచు వ్యాసమును ప్రకటించెను. ఆ దున్నల చిత్రములు రమారమి 14,000 ఏండ్లనాటివని నేటి పరిశోధకుల నిర్ణయము. ఆదిమ మన్నంతమాత్రమున మోటుదనము కాదని యిట్లు ఋజువయ్యెను. పండితులకిది శాస్త్రవిషయము, స్పెయిన్ చిత్రకారులకు మాత్రము తమ పాదములక్రిందనే గురుకులమొకటి యున్నదని తెలియుటకు హేతువయ్యెను.

ఇట్టి రెండవ గురుకులము ఐబీరియా ప్రాచీనశిల్పము. రోమనుల ప్రాబల్యమునకు ముందునుండియు స్పెయిన్ దక్షిణభాగమునను తూర్పుభాగమునను చెక్కబడిన యీ శిలామూర్తులు త్రవ్వకములలో బయల్పడి, కొన్ని పారిస్ నగరపు లూవ్రు ప్రదర్శనశాలకు చేరెను. 1906-వ సంవత్సరమున వానిని చూచిన పాబ్లో పికాసో ఆ వేసవియందే కాటలోనియా కొండలలోని గొసోల్ అను పల్లెకు పోయి, అచ్చటి యెఱ్ఱమంటి వన్నెలను తన చిత్రములందు నింపెను. తిరిగివచ్చి, అంతకుముందు ముఖము కుదురక విడిచిన గెర్ట్రూడ్ స్టైన్ చిత్రమును, ఆమె యెదుట లేకుండగనే, శిలాముఖమువంటి ముఖముతో ముగించెను. లూవ్రునుండి యొకడు దొంగిలించిన రెండు ఐబీరియా శిరస్సులు పికాసో యింట కొంతకాలముండి 1911-వ సంవత్సరమున తిరిగి యప్పగింపబడిన సంగతి చరిత్రప్రసిద్ధము.

ఇచ్చట నొక భేదము గమనింపదగును. అదే పికాసో 1907-వ సంవత్సరమున ఆఫ్రికాదేశపు ముఖోటములనుండియు ప్రేరణను పొందెను. ఆ ముఖోటములు వలసరాజ్యములనుండి తేబడి, తమ యూళ్లనుండియు, తమ పూజలనుండియు వేఱుచేయబడినవి. వానిని చేసినవారి పేళ్లను గూడ ఎవ్వరును అడుగలేదు. పరదేశపు ఆదిమత్వమును గ్రహించుటయందు ఇట్టి ఋణము తీరక నిలుచును. స్వదేశపు మంటినుండి గ్రహించుటయందు ఋణము లేకపోలేదు గాని, అది పూర్వులకు వారసుడు పడిన ఋణము. స్పెయిన్ కళయందలి ఆదిమత్వమున కీ రెండవ లక్షణమే ప్రధానము.

దీనికి జుఆన్ మిరో మంచి యుదాహరణము. బార్సెలోనాలో పుట్టిన యీతనికి మోంట్‌రోయిగ్ అను పల్లెయందు కుటుంబపు వ్యవసాయక్షేత్రము కలదు. ఆ యూరిపేరునకు ఎఱ్ఱకొండ యని యర్థము. 1921, 1922 సంవత్సరములయందు ఈతడు ఆ పొలముయొక్క చిత్రమును లిఖించెను. అందు కోళ్లగూడు, నీళ్లతొట్టి, నత్త, గోడబీట, చెట్టు వేళ్లు మున్నగునవి యన్నియు సమానమైన శ్రద్ధతో గోచరించును. పల్లెలో నారంభించిన చిత్రమును పారిస్ నగరమున ముగింపవలసివచ్చినపుడు, మిరో మోంట్‌రోయిగ్ ఎండుగడ్డిని వెంట గొనిపోయి యెదుట నుంచుకొని లిఖించెను. తరువాతి సంవత్సరములందు ఆ గడ్డి గీతయయ్యెను, ఆ చెట్టు చెవియు కన్నును గల ప్రాణియయ్యెను. కాటలోనియా కొండలలోని మధ్యయుగపు చర్చీలనుండి తీసి బార్సెలోనాకు చేర్చిన కుడ్యచిత్రములయందలి పెద్దకన్నులు ఈతని చిత్రములందును కానవచ్చును. బాలుర గీతలవలె కనబడు మిరో గీతలవెనుక ఆ యెండుగడ్డి యున్నదని తెలిసినవారికి అవి బాల్యచేష్టలుగా తోపవు.

పైజెప్పిన స్తంభశిల్పి ఆల్బెర్తో 1895-వ సంవత్సరమున తొలేదో నగరమున పుట్టినవాడు. రొట్టెలు కాల్చుట యాతని కులవృత్తివంటిది. తండ్రియు నదే పని చేసెను. 1927-వ సంవత్సర ప్రాంతమున ఈతడును, బెన్హమీన్ పాలెన్సియా యను చిత్రకారుడును, అతోచా స్టేషనుకడ కలిసికొని, నాటికి వేఱు గ్రామమైన వయ్యేకాస్ దెసకు కాలినడకను పోవుచుండిరి. పచ్చదనములేని యా బోడికొండలు, సున్నపునేలలు, ఎండిన ముండ్లపొదలు, రాళ్లు, ఎముకలు వీరికి పాఠ్యపుస్తకములు. పారిస్ కళకు సాటియగు జాతీయకళను ఈ నేలనుండియే మొలిపింపవలెనని వీరి సంకల్పము. ఒక కొండకు సాక్షికొండ యని పేరిడి, దానిపై నిలిచిన గుర్తురాతిమీద తమ సిద్ధాంతములతోబాటు ఎల్ గ్రెకో, సెర్వాంతెస్, పికాసో ప్రభృతుల పేళ్లను వ్రాసిరి. ఆదిమత్వమనగా పాండిత్యమును పరిత్యజించుట కాదని దీనివలన స్పష్టము. మరూహా మల్యో యను చిత్రకారిణియు వీరితో తిరిగి, బురదయందలి యడుగుజాడలను, అస్థిపంజరములను, ఎండుటాకులను చిత్రించెను.

1936-వ సంవత్సరమున అంతర్యుద్ధ మారంభమయ్యెను. మఱుసటియేడు పారిస్ ప్రదర్శనమున స్పెయిన్ ప్రజాప్రభుత్వము నిర్మించిన మందిరమునకు లూయిస్ లకాసా, జుసెప్ లూయీస్ సెర్త్ అనువారు వాస్తుశిల్పులు. ద్వారముకడ ఆల్బెర్తో స్తంభము. లోపల, ఆ యేడు ఏప్రిల్ 26-వ తేదీని బాంబులచే ధ్వంసమైన గెర్నికా పట్టణమునుగూర్చి పికాసో లిఖించిన మహాచిత్రము. మెట్లకడ కొడవలిపట్టిన కాటలోనియా రైతును జూపు మిరో చిత్రము. వయ్యేకాస్ కొండలలో విహారముగా నారంభమైనది యిచ్చట సాక్ష్యముగా మాఱెను. నేలను ప్రేమించుట వేఱు, ఆ నేల యెవ్వరిదని యడుగవలసివచ్చుట వేఱు.

యుద్ధఫలముగా నా మిత్రులు విడిపోయిరి. ఆల్బెర్తో స్పెయిన్ బాలశరణార్థులకు చిత్రలేఖనము నేర్పుటకై 1938-వ సంవత్సరమున మాస్కోకు పోయి, మరల స్వదేశమును చూడక, 1962-వ సంవత్సరమున అచ్చటనే మరణించెను. మల్యో 1937-వ సంవత్సరముననే ఆర్జెంటీనాకు పోయెను. పాలెన్సియా మాడ్రిడ్ నగరమున నిలిచి, యుద్ధానంతరము యువచిత్రకారులను చేర్చుకొని వయ్యేకాస్ సంప్రదాయమును పునరుద్ధరించెను. అతని పొలములు విజేతల పాలనమునను ఆదరింపబడెను. ఒకే మన్ను ఒకనికి ప్రవాసదుఃఖమును, వేఱొకనికి ఆశ్రయమును అయ్యెను. కావున స్వదేశపు మన్నను మాట తనంతట తాను ఏ పక్షమునకును సాక్ష్యము పలుకదు. దానిని చేతబట్టినవాని హృదయమును బట్టియే దాని ధ్వని యేర్పడును. ఈ కళను కేవలము దేశభక్తిగా పొగడువారును, కేవలము మోటుదనముగా తెగడువారును ఈ సంగతిని మఱచుచున్నారు.

యుద్ధానంతరపు తరమువారు మన్నును మఱింత సమీపించిరి. 1948-వ సంవత్సరమున సాంతిల్యానా యందు మాతియాస్ గెరిట్స్ అను జర్మను కళాకారుని ప్రోత్సాహమున ఆల్తమీరా పేరిట నవ్యకళాసమాజ మొకటి యేర్పడెను. 1957-వ సంవత్సరమున మిరోయు, కుంభకార కళానిపుణుడగు జుసెప్ ల్యోరెన్స్ అర్తీగస్ అను నాతని మిత్రుడును, పారిస్ యునెస్కో భవనమునకు మంటిపలకల గోడలు రెండు నిర్మింప పూనుకొని, పని తొడగుటకుముందు ఆల్తమీరా గుహను దర్శించిరి. సూర్యునిపేర నొకటియు చంద్రునిపేర నొకటియు నగు నా గోడలు 1958-వ సంవత్సరమున పూర్తియయ్యెను.

దర్శకులను మిక్కిలి తికమకపెట్టు గోడవంటి పలకలు ఆంతోనీ తాపియెస్ కృతులు. కాటలన్ భాషయందు ఈతని యింటిపేరునకు మంటిగోడలని యర్థము. 1923-వ సంవత్సరమున బార్సెలోనాలో పుట్టిన యీతడు బాల్యముననే అంతర్యుద్ధమును చూచెను. 1950 తరువాతి దశాబ్దమున చలువరాతిపొడిని, ఇసుకను, మన్నును జిగురుతో కలిపి పలకలపై దట్టముగా పూసి, వానిని గీఱి, పొడిచి, గుర్తులు పెట్టసాగెను. ఊరిగోడ ప్రజల వ్రాతలను, గుండుదెబ్బలను, వానమరకలను సమానముగా భరించును; మాటాడుట నిషిద్ధమైన కాలమున గోడయే పత్రిక. 1969-వ సంవత్సరమున గోడనుగూర్చి యీతడు వ్రాసిన వ్యాసమున నీ భావము కానవచ్చును. ఈ దృష్టితో చూచినపుడు ఆ బూడిదవన్నె పలక శూన్యము కాదు. చెప్పరాని దానిని ధ్వనింపజేయు కావ్యము.

బాస్కు ప్రాంతపు శిల్పి ఎదువార్దో చియీదా కాల్చిన మంటిదిమ్మలను చేసి, వానికి తన భాషయందు మన్ను అను నర్థమునిచ్చు లుర్రా యను పేరే పెట్టెను. మయోర్కా ద్వీపమున 1957-వ సంవత్సరమున పుట్టిన మికెల్ బర్సెలో 1988-వ సంవత్సరమునుండి ఆఫ్రికాలోని మాలీదేశమున తఱచు నివసించి, చెదలు తిన్న కాగితములనే చిత్రములుగా మలచెను. పాల్మా నగరపు ప్రధానదేవాలయమున నీతడు మంటితో కప్పిన పూజామందిరము 2007-వ సంవత్సరమున తెఱవబడెను. అందలి గోడలు ఎండిన చెఱువుగర్భమువలె బీటలువాఱియుండును. పరదేశపు మన్నును సమీపించుట కీతడు ముఖోటములను కొనిపోక, అచ్చట నివసించుటను మార్గముగా నెన్నుకొనెను.

ఈ కృతులను చూచు తెఱగు వేఱు. చిత్రము దేనిని పోలియున్నదని మొదట అడుగరాదు. అది దేనితో చేయబడినది, ఆ వస్తువు ఏ నేలది, దానిపై చేయి యెట్లు నడచినది యని యడుగవలెను. అట్లు అడిగినవారికి ఆల్తమీరాలోని రాతియుబ్బు, మోంట్‌రోయిగ్ గడ్డిపోచ, బార్సెలోనా గోడబీట యొకే వంశమునకు చెందినవని బోధపడును. వీనియందు రాయి యెఱుగనిదానిని చిత్రకారుడు రాతిపై మోపలేదు. రాతియందున్నదానిని గుర్తించి వెలికితీసెను. సౌతువోలాను అవమానించిన పండితులకు లేకపోయినది ఈ గుర్తింపే. తలయెత్తి చూచిన యా చిన్నబాలికకు ఉన్నదియు నిదియే.

ప్రదర్శనమును ముగించి వెలికివచ్చిన దర్శకునకు మరల ఆ స్తంభము కనబడును. దానికి కూతవేటు దూరమున అతోచా స్టేషను కలదు. ఇద్దఱు పేదకళాకారులు బోడికొండలదెసకు నడక మొదలిడినది యచ్చటనే. ఒకడు తిరిగిరాలేదు, ఆతని శిల్పమైనను నశించెను. ప్రతికృతి మాత్రము ఆ నడక యారంభమైన తావునకు తిరిగివచ్చి నిలిచియున్నది.