యుద్ధస్మృతులు, పరోక్షభూతము, ‘అఁట’ శబ్దము

పాణినీయమందు భూతార్థమున మూఁడు లకారములు ముఖ్యముగా విహితములు. సామాన్యభూతమున లుఙ్, నేఁటిది కాని భూతమున లఙ్, అట్టిదయ్యు వక్తకుఁ బరోక్షమైన దానియందు లిట్. కావున నొకఁడు తాను చేసిన పనిని లిట్టుతోఁ జెప్పుట పొసఁగదని తోఁచును. తన పని తనకెట్లు పరోక్షమగును? నిద్రచేతను, మదముచేతను, చిత్తవ్యాక్షేపముచేతను నగునని వైయాకరణుల సమాధానము. రథమార్గమునఁ గూర్చుండియు బండ్ల బిడారు పోవుటను గానని శాకటాయనుని పతంజలి మహాభాష్యమందు నిదర్శనముగాఁ జూపెను. కన్నులున్నను మనస్సు కూడనిచోఁ బ్రత్యక్షము లేదని తాత్పర్యము.

చిత్తవ్యాక్షేపమునకు రణరంగముకంటె గొప్ప స్థానము లేదు. గుండు తగిలిన క్షణమునఁ దానేమని యఱచెనో, ఏ దిక్కునకుఁ బరుగిడెనో సైనికుఁ డెఱుఁగకపోవచ్చును. ప్రక్కవాఁడు పిమ్మటఁ జెప్పఁగా నెఱుఁగును. తెలుఁగున లిట్టు లేదు గాని ‘అఁట’ కలదు. “నేను కేక వేసితినఁట” యను వాక్యము ఉత్తమపురుష లిట్టునకు సరియైన తెలుఁగు. నిజామాబాదు జిల్లా ఏర్గట్ల మున్నగు పసుపు పండు గ్రామముల వాడుకలో నిదియే ‘అంట’ యగును. “నేను ఒర్లిన” యనుట వేఱు, “నేను ఒర్లినంట” యనుట వేఱు. మొదటిది తన యెఱుక. రెండవది తోడివాని సాక్ష్యము. సైనికుల మాటలను వ్రాసికొనువారు భాష సంస్కరింపఁబూని యీ యొక్క శబ్దమును దొలఁగించిరేని, విన్నది కన్నదిగా మాఱును.

ఇది స్వల్పదోషము గాదు. మొదటి ప్రపంచయుద్ధమున హైదరాబాదు, మైసూరు, జోధపురము సంస్థానముల అశ్వికదళములు ఒకే బ్రిగేడునఁ జేరి ఈజిప్టు, పాలస్తీనా ప్రాంతములందుఁ బనిచేసినవి. ఏర్గట్లయు 1948 వఱకు ఆ హైదరాబాదు రాజ్యములోనిదే. ఢిల్లీయందలి తీన్ మూర్తి స్మారకమున 1922లో మూఁడింటికి మూఁడు కంచు విగ్రహములు నిలిచినవి. కాని 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణమును గైకొనిన గుఱ్ఱపుదాడి జోధపురము, మైసూరు దళములది. హైదరాబాదు అశ్వికుని మనుమఁడు “మా తాత హైఫా మీఁదికి గుఱ్ఱమును దుమికించెనఁట” యని చెప్పెననుకొందము. ‘అఁట’ యున్నంత వఱకు అది యింటి కథ, పరీక్షింపఁదగినది. అది పోయినచో సాక్ష్యమై, ఒకరి కీర్తి వేఱొకరికిఁ జేరును.

అయినను ‘అఁట’ లేనిదెల్లఁ గన్నదే యనరాదు. తాను చూడకున్నను లోకవిజ్ఞాతమై, వక్త చూడఁదగిన కాలమున జరిగినదానికి లఙ్ చెల్లునని వార్తికము. దానికి భాష్యోదాహరణమును యుద్ధమే: యవనుఁడు సాకేతమును ముట్టడించుట. 1999 నాఁటి కార్గిల్ యుద్ధమును గుఱించి యింటనే యున్నవాఁడును ‘అఁట’ లేకయే చెప్పును. అది యసత్యము గాదు, సాక్ష్యమును గాదు. కావున “నీవు చూచితివా?” యని యడుగక తప్పదు.

సర్వనామములును నిట్లే సహాయపడును. ‘సైనికుఁడు’ సేనతోఁ గూడినవాఁడని తద్ధితార్థము. అతఁడు గ్రామస్థులతో “మేము పోరితిమి” అనును. తన పటాలమువానితో “మనము పోరితిమి” అనును. వినువాఁడు అచట నుండెనో లేదో యీ భేదమే తెలుపును.

కావున బడులందు ముదుసలి సైనికుల మాటలను బిల్లలచే వ్రాయించు పండితులు ‘పటాలము’ను ‘వాహిని’గా దిద్దకుండుట యెంత యవసరమో, ‘అంట’ను, ‘మేము’ను ముట్టకుండుట యంతకంటె నవసరము. శైలిని పిమ్మట దిద్దుకొనవచ్చును. పోయిన సాక్ష్యభేదమును, చెప్పినవాఁడు గతించిన తరువాత, ఏ వ్యాకరణమును దిరిగి తేఁజాలదు.