ఫొటోకి పేరు పెట్టే పని కంప్యూటర్‌కి అప్పగించండి

పెళ్లి సందడి తగ్గాక ఇంట్లో వాళ్ల ఫోన్లలోని ఫొటోలూ వీడియోలూ అన్నీ తెచ్చి ఒకే హార్డ్‌డిస్క్‌లో వేయడం ఇప్పుడు మామూలే. చిక్కు అక్కడే వస్తుంది. అక్క ఐఫోన్‌లో 'ఐఎంజీ 0412' ఉంటుంది, బావగారి ఐఫోన్‌లోనూ అదే పేరుతో వేరే ఫొటో ఉంటుంది. రెండూ ఒకే ఫోల్డర్‌లో వేయబోతే 'పాతదాని స్థానంలో కొత్తది పెట్టమంటారా?' అని కంప్యూటర్ అడుగుతుంది. చూసుకోకుండా సరే అని నొక్కారా, అక్క తీసిన తలంబ్రాల ఫొటో ఇక లేనట్టే.

ఈ పేర్ల పద్ధతి డిజిటల్ కెమెరాల తొలిరోజుల నాటిది. ముందు నాలుగు అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు. 0001తో మొదలై 9999 దాకా వెళ్లి, మళ్లీ 0001కి వస్తుంది. అంటే ఒకే కెమెరాలో కూడా కొన్నేళ్లకి పాత పేర్లే తిరిగొస్తాయి.

మరి వేల ఫొటోలకి ఒక్కొక్కటిగా పేరు మార్చాలా? అక్కర్లేదు. ఫొటో తీసిన తేదీ, సమయం సెకన్లతో సహా ఆ ఫైల్‌లోపలే ఉంటాయి. ఈ సమాచారాన్ని ఎగ్జిఫ్ అంటారు. ఫోల్డర్‌లో ఫైల్ పక్కన కనిపించే తేదీని మాత్రం నమ్మకండి, కాపీ చేసినప్పుడు అది మారిపోవచ్చు. లోపలి తేదీని చదవడానికి ఫిల్ హార్వే రాసిన ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. 2003 నుంచీ అందుబాటులో ఉంది. దాన్ని వాడుకునే చిన్న షెల్ స్క్రిప్ట్, అంటే వరుసగా చేయాల్సిన పనులు రాసిపెట్టుకున్న ఫైల్, ఉంటే చాలు. లినక్స్‌లో, మ్యాక్‌లో నేరుగా నడుస్తుంది.

స్క్రిప్ట్ చేసేది ఇంతే: ఒక్కో ఫైల్ తెరిచి, తీసిన సమయం చదివి, '2024-02-18_03-42-10' లాంటి పేరు పెడుతుంది. ఏడాది ముందుండాలి. అప్పుడే పేర్ల వరుస, కాలం వరుస ఒకటవుతాయి. గంటలకీ నిమిషాలకీ మధ్య కోలన్ వద్దు, విండోస్ దాన్ని ఫైల్ పేరులో ఒప్పుకోదు. ఒకే సెకనులో రెండు మూడు ఫొటోలు పడుంటే చివర 1, 2 అని అంకె చేర్చమని స్క్రిప్ట్‌లోనే చెప్పాలి. షెల్‌లో పేరు మార్చే మామూలు ఆదేశం 'ఎంవీ', ఆ పేరుతో ఫైల్ ముందే ఉన్నా చాలాచోట్ల అడక్కుండానే దాన్ని చెరిపేస్తుంది. అదే వాడితే 'మైనస్ ఎన్' తప్పకుండా తగిలించండి.

వీడియోల దగ్గర ఇంకో మెలిక ఉంది. చాలా ఫోన్లు వీడియోలోపల సమయాన్ని మన టైమ్‌లో కాకుండా యూటీసీలో రాస్తాయి. మనకంటే 5 గంటల 30 నిమిషాలు వెనక. తెల్లవారుజామున 3.42కి జీలకర్ర-బెల్లం పెడుతుండగా తీసిన వీడియోకి ముందురోజు రాత్రి 10.12 అని పేరు పడుతుంది. ఫొటోలు ఒకరోజు, వీడియో ఇంకోరోజు! దీన్ని సరిచేయడానికి ఎగ్జిఫ్‌టూల్‌లో 'క్విక్‌టైమ్ యూటీసీ' అనే ఆప్షన్ ఉంది. అయితే కొన్ని కెమెరాలు స్థానిక సమయమే రాస్తాయి కాబట్టి, ముందు ఒక్క వీడియో మీద పరీక్షించి చూసుకోండి.

వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫొటోల్లో ఎగ్జిఫ్ ఉండదు. ఆండ్రాయిడ్‌లో వాటి పేరులో తేదీ కనిపిస్తుంది కానీ, అది మనకు చేరిన తేదీ. స్కాన్ చేసిన పాత ఫొటోల్లో తేదీ ఉన్నా అది సాధారణంగా స్కాన్ చేసిన రోజుదే. ఇలాంటివన్నీ వేరే ఫోల్డర్‌లో పెట్టండి.

అసలు పని మొదలుపెట్టే ముందు రెండు జాగ్రత్తలు. మొదటిది, ఫొటోలన్నిటికీ ఇంకో డిస్క్‌లో కాపీ తీసుకోండి. ఒక్కో ఫోన్ ఫొటోలు ఒక్కో ఫోల్డర్‌లో ఉంచి, పేర్లు మారాకే కలపండి. రెండోది, ఉత్తుత్తి పరుగు. ఎగ్జిఫ్‌టూల్‌లో 'టెస్ట్‌నేమ్' అని ఇస్తే ఏ పేరు ఏమవుతుందో చూపిస్తుంది తప్ప దేన్నీ ముట్టుకోదు. ఆ జాబితా చూసి, నమ్మకం కుదిరాక అసలుది నడపండి. తర్వాత క్రాన్‌లో పెట్టేస్తే రోజూ రాత్రి దానంతటదే చూసుకుంటుంది.

ఎప్పుడు తీశారో స్క్రిప్ట్ చెబుతుంది. మండపం పక్కన నిలబడ్డ ఆ పెద్దాయన ఎవరో మాత్రం అమ్మమ్మే చెప్పాలి. ఓ ఆదివారం ఆవిడ పక్కన కూర్చుని అడగండి. ఆ పేర్లని కూడా ఎగ్జిఫ్‌టూల్‌తో ఫొటో లోపలే రాసిపెట్టొచ్చు.